నగరం అప్పగించి నీళ్ల మంత్రి అయిన సేనాని: తియాంజిన్ నుంచి గ్వాన్‌టింగ్ దాకా

ఇరిగేషన్ శాఖలో పనిచేసినవాళ్లకి కె.ఎల్. రావు గారి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కంకిపాడులో పుట్టిన ఆయన, కన్వర్ సేన్‌తో కలిసి 1954లో చైనా వెళ్లి అక్కడి నదుల మీద కడుతున్న ప్రాజెక్టులు చూసొచ్చారు. మరుసటి ఏడాది నివేదిక రాశారు. రిటైరయ్యాక తీరుబడిగా అలాంటి పాత కాగితాలు తిరగేస్తుంటే నాకో సందేహం వచ్చింది: అప్పట్లో చైనాకి జలవనరుల మంత్రి ఎవరు? చూస్తే ఆయన ఇంజనీరు కాదు, కమ్యూనిస్టు పార్టీ మనిషీ కాదు. ఆరేళ్ల ముందు వరకు కమ్యూనిస్టుల మీద యుద్ధం చేసిన జనరల్. పేరు ఫూ జువోయీ. 1948 డిసెంబరులో కమ్యూనిస్టులు ప్రకటించిన 43 మంది యుద్ధ నేరస్థుల జాబితాలో ఉన్నాడు. 1949 అక్టోబరులో వాళ్ల ప్రభుత్వంలోనే మంత్రి అయ్యాడు.

ఈ మధ్యలో ఏం జరిగిందో ఆ ఊళ్లలోనే తిరిగి చూడాలనిపించింది. మా మేనల్లుడు తియాంజిన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు, చైనీస్ గడగడా మాట్లాడతాడు. ఇంకేం కావాలి?

మంగళవారం, తియాంజిన్

అక్టోబరు చివరి వారం. పొద్దున్న ఏడింటికి చలి ఎముకల్లోకి దిగుతోంది. మావాడి హాస్టల్ సందు చివర ఒకావిడ బండి పెట్టుకుని ఉంది. గుండ్రటి ఇనప పెనం మీద పెసర పిండి పోసి, చెక్క పుల్లతో ఒక్క తిప్పులో పల్చగా పరిచింది. పైన గుడ్డు కొట్టి దాన్నీ పరిచింది. ఉల్లికాడలు, నల్ల నువ్వులు చల్లింది. అట్టు తిరగేసి గోధుమరంగు పచ్చడి ఒకటి, ఎర్ర కారం ఒకటి కుంచెతో పూసింది. నూనెలో వేయించిన పొడుగాటి పిండి కాడను మధ్యలో పెట్టి, మడిచి, కాగితం సంచిలో పడేసింది. ఇదంతా నిమిషంన్నర పని. దీని అసలు పేరు జియాన్‌బింగ్. మావాడు మాత్రం పెసరట్టు అనే అంటాడు. పది యువాన్లు, అంటే మన లెక్కలో నూట ఇరవై చిల్లర. తియాంజిన్ వాళ్ల పట్టుదల ఏమిటంటే, పిండి పెసలదే అయి ఉండాలి. బీజింగ్‌లో దొరికేది అసలు జియాన్‌బింగే కాదని ఆవిడ తీర్మానం.

వరసలో నా ముందున్న ఇద్దరు ఇంటి నుంచి కోడిగుడ్లు తెచ్చుకున్నారు. గుడ్డు మనమిస్తే ధర తగ్గుతుందట. ఎవరూ వింతగా చూడలేదు. మన దగ్గర టిఫిన్ బండి దగ్గరికి గుడ్డు పట్టుకెళ్తే ఏమంటారో!

తర్వాత హాంగ్‌చియావో పేటలో ఉన్న పింగ్‌జిన్ యుద్ధ స్మారక మ్యూజియానికి వెళ్లాం. టికెట్ లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. బేపింగ్, తియాంజిన్ పేర్ల నుంచి చెరో ముక్కా తీసి ఆ యుద్ధానికి పింగ్‌జిన్ అని పెట్టారు. ఇప్పటి బీజింగ్‌నే అప్పట్లో బేపింగ్ అనేవారు. 1948 నవంబరు 29న మొదలై 1949 జనవరి 31న ముగిసింది. ఒక పక్క కమ్యూనిస్టు సేనానులు లిన్ బియావో, నియె రాంగ్‌జెన్ సైన్యాలు. ఇంకో పక్క ఉత్తర చైనాలో, అప్పటి జాతీయవాద ప్రభుత్వాధినేత చియాంగ్ కై షేక్ తరఫున 5 లక్షల పైచిలుకు సైన్యానికి అధిపతిగా ఫూ జువోయీ.

లోపల పెద్ద పెద్ద పటాలు, ఎర్ర బాణాలు, నీలం బాణాలు. స్కూలు పిల్లలు ఎర్ర స్కార్ఫులు కట్టుకుని వరసల్లో నడుస్తున్నారు. పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. సముద్రం దగ్గరి టాంగ్గూ నుంచి పడమర జాంగ్‌జియాకౌ దాకా, రైలు మార్గం పొడుగునా పూసల దండలాగా ఫూ తన సైన్యాన్ని పరిచాడు. కలిసి రాకపోతే తూర్పున ఓడలెక్కి దక్షిణానికి వెళ్లాలి, లేదా పడమరన తన పాత స్థావరం సుయియువాన్‌కి వెనక్కి పోవాలి. చియాంగ్ మొదటిది చెయ్యమంటాడు, ఫూ మనసు రెండో దాని మీద ఉంది. ఏదీ తేల్చుకోక ఆ దండ అలాగే ఉండిపోయింది. అవతలివాళ్లు పూసకీ పూసకీ మధ్య తెంపేశారు.

ఆ తెంపడం ఎంత వేగంగా జరిగిందో తేదీలు చూస్తే తెలుస్తుంది. డిసెంబరు 22న షిన్‌బావోఆన్ పోయింది. 24న జాంగ్‌జియాకౌ. జనవరి 15న తియాంజిన్. ఇక మిగిలింది బేపింగ్ ఒక్కటే, అందులో 20 లక్షల జనం, రెండున్నర లక్షల సైనికులు.

మధ్యాహ్నం హాయ్‌హె నది మీద జింటాంగ్ వంతెనకి నడిచాం. 1906 నాటి ఇనప వంతెన, ఇప్పుడు నడిచేవాళ్లకే. 1949 జనవరి 14 పొద్దున్న పదింటికి దాడి మొదలైంది. తూర్పు నుంచి, పడమర నుంచి వచ్చిన దళాలు మర్నాడు తెల్లవారుజామున ఈ వంతెన మీదే కలుసుకున్నాయి. మొత్తం 29 గంటల్లో లక్షా ముప్పై వేల సైన్యం ఉన్న ఊరు చేతులు మారింది. లోపల రక్షణకి ఉన్న చెన్ చాంగ్‌జియె పట్టుబడ్డాడు. ఆయన లొంగకపోవడానికి కారణం, బేపింగ్‌లో ఫూ మాటలు ఒక కొలిక్కి వస్తాయనీ అప్పటిదాకా నిలబడాలనీ అనుకోవడం. ఇటు రాయబారాలు నడుస్తుండగానే అటు తియాంజిన్ తగలబడింది. ఫూ జువోయీ పేరెత్తితే బేపింగ్‌ని కాపాడాడంటారు. ఈ వంతెన దగ్గర నిలబడ్డవాళ్లకి ఆ మాట అంత సులువుగా మింగుడుపడదు.

పక్కన పార్కులో ఒక పెద్దాయన చేప గాలం వేసుక్కూర్చున్నాడు. బట్టల మిల్లులో పనిచేసి రిటైరయ్యాడట. మేం ఇండియా నుంచి అని తెలిశాక, ఏం చూడ్డానికొచ్చారని అడిగాడు. మావాడు ఫూ జువోయీ అన్నాడు. ఆయన గాలం తీసి పక్కన పెట్టాడు. "తండ్రిని కాదు, కూతుర్ని చూడాల్సింది," అన్నాడు. "ఆ అమ్మాయి ఇక్కడే, మా తియాంజిన్‌లోనే పేపర్లో పనిచేసింది."

నిజమే. ఫూ డాంగ్‌జూ ఇక్కడి దగాంగ్ పత్రికలో విలేఖరి. తండ్రికి తెలియకుండా 1947లో కమ్యూనిస్టు పార్టీలో చేరింది. 1948 చివర్లో పార్టీ ఆమెని బేపింగ్ పంపింది, తండ్రి దగ్గర ఉండమని. తండ్రి ఎవరితో మాట్లాడుతున్నాడు, రాత్రి నిద్రపోయాడా, ఏ వార్తకి మొహం ఎలా మారింది, అన్నీ రహస్యంగా బయటికి చేరేవి. ఆయన టెన్షన్‌తో అగ్గిపుల్లలు కొరుకుతూ గదిలో పచార్లు చేసేవాడని ఆమే తర్వాత చెప్పింది. ఫూ దగ్గరికి వచ్చిన దూతల పెట్టెలు వెతకడానికి చియాంగ్‌కి గూఢచారులు ఉండేవాళ్లు. ఇంట్లో కూతురి విషయం మాత్రం ఎవరూ పట్టుకోలేకపోయారు.

బుధవారం, తియాంజిన్ నుంచి బీజింగ్

పొద్దున్న గబాచాయ్ తిన్నాం. ఇది కూడా పెసలదే. పెసర అట్లు ఆరబెట్టి, సన్నగా రిబ్బన్లలాగా కోసి, చిక్కటి మసాలా గ్రేవీలో వేస్తారు. పైన నువ్వుల ముద్ద, ఎర్రటి పులిసిన సోయా పెరుగు, కొత్తిమీర. గిన్నె ఎనిమిది యువాన్లు. మాంసం లేకుండా కడుపు నిండింది, అదే పెద్ద సుఖం. ఈ దేశంలో 'కూర' అని చెప్పిన దాంట్లో కూడా పంది మాంసం ముక్కలు నాలుగు తేల్తాయి. అడిగితే "అది మాంసం కాదు, రుచికి" అంటారు.

డబ్బుల సంగతి ఒకటి చెప్పాలి. నోట్లు తీసుకోనని ఎవరూ అనలేదు కానీ, చిల్లర ఉన్నవాడు దొరకడు. వంద యువాన్ల నోటు చూస్తే ఆ దుకాణదారు పక్క దుకాణంలోకి, వాడు ఇంకో దుకాణంలోకి పరిగెత్తాలి. అందరికీ ఫోనే పర్సు. మన ఫోన్‌పే అలవాటు ఉన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు.

సాయంత్రానికి బీజింగ్. చాంగ్‌వెన్‌మెన్ దగ్గర దిగి, పాత ఊరి గోడ మిగిలిన ముక్క చూశాం. మింగ్ రాజుల కాలం నాటి గోడ, కిలోమీటరున్నర. చివర ఆగ్నేయ బురుజు. గోడ పొడుగునా పచ్చిక, పిల్లలు గాలిపటాలు. ఒకప్పుడు ఈ గోడ ఊరంతా చుట్టి ఉండేది. ఇప్పుడు దాని కింద మెట్రో రైలు తిరుగుతోంది.

గురువారం, బీజింగ్

డాంగ్‌డాన్ పార్కు చిన్నదే. ముసలివాళ్లు వెనక్కి నడుస్తుంటారు, చేతులు చెట్టుకేసి కొట్టుకుంటుంటారు, ఆరోగ్యానికి మంచిదట. 1948 డిసెంబరులో ఊరి బయటి విమానాశ్రయాలు చేజారాక, ఇక్కడున్న ఖాళీ మైదానాన్ని విమానాలు దిగే చోటు చేశారు. చుట్టుపక్కల ఇళ్లు, స్తంభాలు అడ్డొస్తే తీసేశారు. ఇక్కడి నుంచి స్వర్గ దేవాలయం మూడు కిలోమీటర్లు ఉంటుందేమో, అక్కడ కూడా రన్‌వే వేశారు. దాని కోసం వందల ఏళ్ల నాటి సైప్రస్ చెట్లు నరికారు.

స్వర్గ దేవాలయానికి టికెట్ అన్నీ కలిపి 34 యువాన్లు. మూడు అంతస్తుల నీలం కప్పు గుడి ఫోటోల్లో చూసిందే. నాకు నచ్చింది తూర్పు ద్వారం నుంచి లోపలికి వెళ్లే పొడుగాటి వసారా. రెండు పక్కలా అరుగుల మీద వందల మంది పెద్దవాళ్లు పేకాట, చదరంగం, అల్లికలు. ఒక ఆట దగ్గర ఆగాం. నలుగురు ఆడుతున్నారు, పన్నెండు మంది సలహా ఇస్తున్నారు. ఓడిపోతున్నాయన పేక ముక్కని అరుగు మీద ధన్‌మని కొట్టాడు. వెనకాల ఆవిడ ఏదో అంది, అందరూ నవ్వారు. "నువ్వు లొంగిపోవడానికి ఎప్పుడూ ఆలస్యమే అందావిడ, మావయ్యా," అన్నాడు మావాడు. నేను ఏ పని మీద వచ్చానో ఆవిడకేం తెలుసు!

నరికిన చెట్ల చోటు ఎక్కడో ఎవరూ చెప్పలేకపోయారు. తోటలో ఇప్పుడున్న చెట్లలో చాలావాటికి ఆకుపచ్చ, ఎరుపు రేకు బిళ్లలు కొట్టి ఉన్నాయి, వయసును బట్టి రంగు. ఎర్ర బిళ్ల అంటే 300 ఏళ్లు దాటినట్టు.

ఇక్కడ ఫూ పాత కథ ఒకటి చెప్పాలి. బీజింగ్‌కి దక్షిణాన జువోజౌ అని ఒక ఊరుంది. 1927 అక్టోబరులో ముప్పై రెండేళ్ల ఫూ ఆ ఊరిని పట్టుకుని, మంచూరియా సైన్యం చుట్టుముట్టినా మూడు నెలలు వదల్లేదు. ఫిరంగులు, ట్యాంకులు కూడా గోడ దాటలేకపోయాయి. చివరికి లోపల తిండి అయిపోయి, సారా తీసిన పిప్పిని తిన్నారు జనం. అప్పుడు లొంగాడు. ఊరిని నిలబెట్టే సేనాని అని దేశమంతా పేరొచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత చియాంగ్ అతన్ని ఉత్తరాన పెట్టడానికి ఆ పేరూ ఒక కారణం అయి ఉంటుంది. పిప్పి తిన్న జనాన్ని కళ్లారా చూసినవాడు రెండోసారి ఏం ఆలోచిస్తాడో చియాంగ్ లెక్క వెయ్యలేదనుకుంటాను. పైగా అంతకు ముందే, 1948లో ఈశాన్యాన చాంగ్‌చున్ నగరం మీద కమ్యూనిస్టుల ముట్టడి ఐదు నెలలు నడిచింది. లక్షకు పైగా సామాన్య జనం ఆకలితో చచ్చిపోయారని అంచనా. అక్కడ కూడా చివరికి ఒక జనరల్, జెంగ్ జెషెంగ్, తన 60వ సైన్యంతో సహా పక్షం మారాకే తలుపులు తెరుచుకున్నాయి. ఈ సంగతి తియాంజిన్ మ్యూజియంలో నాకెక్కడా కనపడలేదు.

రాత్రి భోజనం ఒక పాత సందులో. డౌజీ అని పులిసిన పెసర నీళ్లు తాగి చూడమని మావాడు పందెం కట్టాడు. బూడిద రంగు, ముక్కు మూసుకునే వాసన. రెండు గుక్కలు తాగాను. పక్క బల్ల మీది ముసలాయన బొటనవేలు పైకెత్తి, తన ఊరగాయ పళ్లెం నా వైపు జరిపాడు. దాంతో నంజుకుంటే పర్వాలేదు.

శుక్రవారం, బీజింగ్

షీజీమెన్ మెట్రో స్టేషన్‌లో దారి తప్పని బీజింగ్ మనిషి ఉండడట. మేం ఎక్కడ ఎక్కామో, ఎక్కడ తేలామో తెలియకుండా ఒక షాపింగ్ మాల్ నాలుగో అంతస్తులో పిల్లల బట్టల దుకాణంలోంచి బయటికొచ్చాం. కింద ఫ్లైఓవర్లు ఒకదాని మీద ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. 1949 జనవరి 31న కమ్యూనిస్టుల ప్రజా విముక్తి సైన్యం మొదటి దళం ఊళ్లోకి వచ్చింది ఇక్కడున్న కోట గుమ్మంలోంచే. తుపాకీ పేలకుండా కాపలా మారింది. ఆ గుమ్మాన్ని 1969లో మెట్రో కోసం కూల్చేశారు.

ఇది నన్ను రోజంతా వదల్లేదు. 1948-49 చలికాలంలో కమ్యూనిస్టు అధికారులు ఛింగ్‌హువా విశ్వవిద్యాలయంలో వాస్తు పండితుడు లియాంగ్ సిచెంగ్ ఇంటికి వెళ్లి, ఒకవేళ ఊరి మీద ఫిరంగులు పేల్చాల్సి వస్తే ఏ కట్టడాలకి దెబ్బ తగలకూడదో గుర్తుపెట్టి ఇమ్మన్నారు. ఆయన పటం మీద గీసిచ్చాడు. యుద్ధం రాలేదు. గోడలు, గుమ్మాలు అన్నీ చెక్కు చెదరకుండా చేతికొచ్చాయి. తర్వాత అదే లియాంగ్, గోడ మీద తోటలు వేద్దాం, కూల్చకండని ఏళ్లపాటు వాదించాడు. వినలేదు. ఫిరంగుల నుంచి తప్పించుకున్న గోడని గునపాలతో తీసేశారు.

అక్కడి నుంచి జెంగ్‌యాంగ్‌మెన్. ఊరికి దక్షిణపు ముఖం ఇది, జనం ఛియాన్‌మెన్ అంటారు. 1949 ఫిబ్రవరి 3న లిన్ బియావో, నియె రాంగ్‌జెన్ వాళ్లు దీని ముందరి బురుజు మీద నిలబడి సైన్యం ప్రవేశాన్ని చూశారు. ట్రక్కులు, ఫిరంగులు చాలావరకు అమెరికావి, చియాంగ్ సైన్యం నుంచి పట్టుకున్నవి. ఆ ఊరేగింపుని కావాలనే తూర్పుకి తిప్పి, విదేశీ రాయబార కార్యాలయాల వీధిలోంచి నడిపించారు. 1901 ఒప్పందం తర్వాత చైనా సైనికుడు తుపాకీతో అడుగు పెట్టకూడని వీధి అది. మేమూ అటే నడిచాం. రెండు పక్కలా ఎర్రటి ఇటుక మేడలు, పాత బ్యాంకులు, నీడ, నిశ్శబ్దం. ఒక పోలీసు ఫోటో తియ్యొద్దని చెయ్యూపాడు, మళ్లీ నవ్వాడు.

దారిలో మావాడితో వాదన పడింది.

"ఎటు తిప్పి చెప్పినా, తను నమ్ముకున్నవాడికి పంగనామాలు పెట్టాడు కదా మావయ్యా," అన్నాడు.

"ఎవర్ని నమ్ముకున్నాడురా? చియాంగ్ ఎప్పుడూ ఆయన్ని సొంత మనిషిగా చూడలేదు. షాన్షీ ప్రాంతీయుడు, ఆ ప్రాంతాన్ని ఏలిన సేనాని యెన్ షీషాన్ శిబిరంలో పెరిగినవాడు. 1930లో చియాంగ్ మీదే పోట్లాడాడు."

"అయితే ఆయనకి ఇది అలవాటే అన్నమాట."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పాను. ఆయన ఊరు అప్పగించింది దయతో ఒక్కదానితోనే కాదు, దారులన్నీ మూసుకుపోయాక. అంతకు ముందు రెండు నెలలు బేరం ఆడాడు, తన సైన్యం తన చేతిలోనే ఉండాలని. ఆలస్యం ఖరీదు తియాంజిన్ కట్టింది, రేపు మనం వెళ్లే ఊరు కట్టింది. అయినా, దారులు మూసుకుపోయాక కూడా చివరి తూటా వరకూ అన్నవాళ్లే ఆ రోజుల్లో ఎక్కువ. ఆయన పాత గురువు లియు హౌటాంగ్ వచ్చి నచ్చజెప్పాడు, స్నేహితుడు డెంగ్ బావోషాన్ రాయబారానికి వెళ్లాడు, మాజీ మేయర్ హె సియువాన్ సంధి కోసం తిరిగాడు. జనవరి 18న హె ఇంటి పైకప్పు మీద చియాంగ్ గూఢచారులు బాంబులు పెట్టారు. ఆయన చిన్న కూతురు చచ్చిపోయింది. ఒంటి మీద గాయాలతోనే మర్నాడు ఆయన సంధికి వెళ్లాడు. 21న ఒప్పందం కుదిరింది.

శనివారం, హ్వాయ్‌లాయ్

బీజింగ్ నుంచి వాయవ్యంగా హైస్పీడ్ రైలు. 2019 చివర్లో మొదలైన మార్గం. బాదాలింగ్ కొండ కింద సొరంగం దాటగానే గాలి పొడిబారింది. రెండు పక్కలా ద్రాక్ష తోటలు, చలికాలానికి తీగల్ని పందిళ్ల నుంచి దింపి మట్టిలో పూడుస్తున్నారు. అలా పూడ్చకపోతే మంచుకి చచ్చిపోతాయట.

స్టేషన్ బయట ఒక టాక్సీ మాట్లాడుకున్నాం, రోజంతా తిప్పడానికి 350 యువాన్లు. డ్రైవరుకి యాభై ఏళ్లుంటాయి. గాజు సీసాలో టీ ఆకులు, వేణ్ణీళ్లు. ఎక్కడ ఆగినా ముందు ఆ సీసా నింపుకుంటాడు.

షిన్‌బావోఆన్ ఇప్పుడు మామూలు టౌను. కూరగాయల సంత, మోటారు సైకిళ్ల రిపేరు షాపులు, దుమ్ము. పాత మట్టి గోడ తునకలు కొన్ని మిగిలాయి. ఒక చోట దానికి ఆనించి కోళ్ల గూడు కట్టుకున్నారు. 1948 డిసెంబరు మొదట్లో ఫూ సొంత బిడ్డలాంటి 35వ సైన్యం జాంగ్‌జియాకౌ నుంచి వందల ట్రక్కుల్లో బేపింగ్‌కి తిరిగొస్తూ ఈ చిన్న ఊళ్లో చిక్కుకుంది. ఫూ యువకుడిగా ఉన్నప్పటి నుంచి తయారుచేసిన దళం అది. చుట్టుముట్టినవాళ్లు వెంటనే కొట్టలేదు, రెండు వారాలు ఆగారు. వాళ్లని ఇక్కడ పట్టి ఉంచితే ఫూ బేపింగ్ వదిలి పోలేడని మావో లెక్క. డిసెంబరు 22న కొట్టారు. ఒక్క రోజులో అయిపోయింది. సేనాపతి గువో జింగ్‌యున్ తనని తాను కాల్చుకున్నాడు.

అక్కడికి దగ్గర్లోనే జీమింగ్‌యీ, మింగ్ కాలపు తపాలా ఊరు. నాలుగు వైపులా గోడ నిలబడే ఉంది. 1900లో విదేశీ సైన్యాలకి భయపడి పారిపోతూ సామ్రాజ్ఞి ఛీషీ ఒక రాత్రి ఇక్కడ తలదాచుకుంది. ఆవిడ పడుకున్న ఇల్లని చూపించే ఇంటి ముందు మొక్కజొన్న కంకులు ఆరబోసి ఉన్నాయి.

మధ్యాహ్నం డ్రైవరే ఒక చోటికి తీసుకెళ్లాడు. యోమియాన్ అని ఈ కొండల్లో పండే ఓట్స్ జాతి ధాన్యం పిండితో చేసేది. అరచేతి కింద రాయి మీద పిండి ముద్దని ఒక్క తోపుతో పల్చగా సాగదీసి, వేలికి చుట్టి గొట్టంలా చేస్తారు. వందల గొట్టాలు తేనెపట్టు గదుల్లాగా నిలబెట్టి ఆవిరికి పెడతారు. వంటావిడ మేం చూస్తుండగానే ఒక బుట్ట నింపింది, ఒక్క గొట్టం వంగలేదు. టమాటా పులుసులో ముంచుకుని తిన్నాం. బిల్లు 96 యువాన్లు. నేను ఫోను తీసేలోగా డ్రైవరు కట్టేశాడు. మావాడు గట్టిగా పోట్లాడాడు, చొక్కా పట్టుకుని లాగాడు కూడా. ఇక్కడ అలా పోట్లాడకపోతేనే తప్పట. చివరికి సగం సగం అన్నారు, అదీ ఆయన లెక్కలోనే, అంటే మా వంతు తక్కువ.

ఆదివారం, గ్వాన్‌టింగ్

నా అసలు పని ఇక్కడ. యాంగ్‌డింగ్ నది మీద గ్వాన్‌టింగ్ ఆనకట్ట 1951లో మొదలుపెట్టి 1954లో పూర్తిచేశారు. కొత్త ప్రభుత్వం కట్టిన మొదటి పెద్ద జలాశయం. బీజింగ్‌ని వరదల నుంచి కాపాడటానికి, నీళ్లివ్వడానికి. మంత్రి ఫూ జువోయీ. తన 35వ సైన్యం నేలకూలిన హ్వాయ్‌లాయ్ జిల్లాలోనే, మూడేళ్లు కూడా తిరక్కముందే పార తవ్వించాడు. ఈ సంగతి ఆయన మనసులో ఎలా ఉండేదో ఎక్కడా చదవలేదు.

నది ఒండ్రు నది. ఇంజనీరు కంటికి వెంటనే తెలుస్తుంది, పై భాగమంతా మేట వేసి రెల్లు పెరిగిపోయింది. ఒండ్రు వల్లే జలాశయం చాలా పోయింది. పైన ఫ్యాక్టరీల మురికి కూడా తోడై 1997లో తాగునీటి జాబితా నుంచి తీసేశారు. ఈ మధ్య శుభ్రం చేసి, చిత్తడి నేలలు పెంచుతున్నారు. ఫూ హయాంలోనే పసుపు నది మీద సాన్‌మెన్‌షియా ఆనకట్ట కట్టారు, సోవియట్ డిజైన్. 1960లో నీళ్లు నిలిపితే ఏడాది తిరక్కుండా ఒండ్రు వెనక్కి తన్ని వేయ్ నది లోయని ముంచడం మొదలెట్టింది. హువాంగ్ వాన్లీ అనే ఇంజనీరు ముందే వద్దన్నాడు, ఆయన్ని రైటిస్టు, అంటే పార్టీకి వ్యతిరేకి అని ముద్ర వేశారు. మంత్రి మాట ఎంత చెల్లేదో అనుమానమే. పార్టీలో లేని మంత్రి ఆయన.

ముద్ర వేయించుకున్నవాళ్లలో ఫూ తమ్ముడూ ఉన్నాడు. ఫూ జువోగాంగ్, అమెరికాలో వ్యవసాయ శాస్త్రం చదివి దేశానికి తిరిగొచ్చినవాడు. గాన్సూలో జియాబియాన్‌గౌ లేబర్ క్యాంపులో 1960లో ఆకలితో చచ్చిపోయాడు. అన్న అప్పుడు బీజింగ్‌లో మంత్రి. సాంస్కృతిక విప్లవంలో ప్రధాని జౌ ఎన్లై తయారుచేసిన 'వీళ్ల జోలికి పోవద్దు' జాబితాలో ఉన్నాడు కాబట్టి ఫూకి అంత ఇబ్బంది రాలేదు. 1972లో పదవి వదిలాడు, 1974 ఏప్రిల్‌లో పోయాడు.

గట్టు మీద గాలి కోస్తోంది. దూరంగా హైస్పీడ్ రైలు వంతెన, ఎనిమిది తెల్లటి ఇనప కమానులు. రైలు వెళ్తుంటే చప్పుడు ఆలస్యంగా వస్తోంది. డ్రైవరు నీళ్ల మధ్యకి చెయ్యి చూపించాడు. పాత హ్వాయ్‌లాయ్ పట్నం అక్కడే మునిగింది. జిల్లా కేంద్రాన్ని షాచెంగ్‌కి మార్చారు. వాళ్ల తాతది ఆ పట్నంలో కల్లు, సారా దుకాణం.

ఫూ జువోయీ పేరు చెబితే, "తెలియకేం! మా నాయనమ్మ ఆయన్ని చచ్చేదాకా తిట్టింది," అన్నాడు. "బీజింగ్ వాళ్లకి ఆయన ఊరు నిలబెట్టినాయన. మాకు ముంచినాయన."

మీ దేశంలో ఇలా ముంచుతారా అని అడిగాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రీశైలం ముంపు జరిగింది. కృష్ణ, తుంగభద్ర ఒడ్డున మునిగిన పల్లెల గురించి చెప్పాను. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి ఊడదీసి అలంపురంలో మళ్లీ కట్టిన సంగతి చెప్పాను. మావాడు చైనీస్‌లో తడుముకుంటూ చెబుతుంటే ఆయన శ్రద్ధగా విన్నాడు.

"గుడిని మార్చారు సరే. మనుషులకి డబ్బులిచ్చారా?"

ఇచ్చారు, కొంత. ఇంటికో ఉద్యోగం అని 1986లో జీవో 98 ఇచ్చారు. దాని కోసం ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాళ్లున్నారని చెప్పాను.

ఆయన గట్టిగా నవ్వాడు, అందులో వెటకారం లేదు. సీసా మూత బిగించి, "పదండి, నాలుగింటి రైలు తప్పిపోతుంది," అన్నాడు. స్టేషన్ దగ్గర ఈ రోజుకి 350 అన్నాడు. కిలోమీటర్లు నిన్నటి కంటే తక్కువే, అయినా మావాడు బేరం ఆడబోతే నేనే ఆపాను.